ఫార్మకాలజీ తలకెక్కాలంటే మందుతో మొదలుపెట్టొద్దు

నాయనా, నువ్వు రాసింది రెండుసార్లు చదివినాను. జమ్మలమడుగు పక్క పల్లె, ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు కడప దగ్గర బీఫార్మసీ నాలుగో సెమిస్టర్. మందులు ఒంట్లో ఎట్లా పనిచేస్తాయో చెప్పే ఫార్మకాలజీలో మొదటి సెషనల్ (కాలేజీ లోపలి పరీక్ష) రాస్తే 30కి 9 మార్కులు. రాత్రి రెండింటి దాకా కూర్చుని చదివింది పది రోజులకే గుర్తుండటం లేదు. ఇన్ని మందుల పేర్లు, క్లాసిఫికేషన్లు, సైడ్ ఎఫెక్టులు ఎట్లా గుర్తుపెట్టుకోవాలి, అసలు నా వల్ల అవుతుందా అని అడిగినావు.

అవుతుంది. అనంతపురంలో ఇరవై ఏళ్ళకు పైగా ఈ సబ్జెక్టే చెబుతున్నాను. తొలి సెషనల్‌లో తొమ్మిది, పది మార్కులతో నా ముందు తల దించుకుని నిలబడిన పిల్లలు ఇప్పుడు ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టులుగా ఉన్నారు. వాళ్ళకూ నీకూ ఉన్న ఇబ్బంది జ్ఞాపకశక్తిది కాదు. చదివే వరస తలకిందులైంది, అంతే. నువ్వు మందు పేరుతో మొదలుపెట్టి, దాని క్లాసు, పనితీరు, సైడ్ ఎఫెక్టులు, వాడకం అని నాలుగు శీర్షికలు పెట్టుకుని ఒక్కోదాన్నీ విడిగా బట్టీ పడుతున్నావు. ఒక్కో మందుకు ఇరవై ముక్కలు. వంద మందులకు రెండు వేల ముక్కలు. ఎవరి తలలోనూ అవి నిలవవు. ముందు ఒళ్ళు, ఆ ఒంట్లో జరిగే పని, ఆ పనిలో మందు ఎక్కడ వేలు పెడుతుంది, ఈ వరసలో చదివితే మిగతావన్నీ నువ్వే ఊహించి రాయగలవు.

ఈ మాట నాకు పుస్తకంలో దొరకలేదు. కర్నూలు పెద్దాసుపత్రిలో ట్రైనింగ్ చేస్తున్నప్పుడు ఒక రాత్రి కళ్ళారా చూసి నేర్చుకున్నాను.

ఆదోని వైపు నుంచి ఒక రైతును తెచ్చినారు. పొద్దుటి నుంచి పత్తికి పురుగుమందు కొట్టినాడు, మూతికి గుడ్డ లేదు, చొక్కా అంతా తడిసిపోయింది. నోట్లో నురగ, కళ్ళ నీళ్ళు, ఒళ్ళంతా చెమట, కంటిపాపలు సూది మొనంత. నాడి నెమ్మదిగా కొట్టుకుంటోంది. తొడ మీద కండ చర్మం కింద పురుగు పాకినట్టు అదురుతోంది. అట్రోపిన్ ఇవ్వమన్నారు డాక్టరు. అట్రోపిన్ అంటే నాకు బాగా తెలుసనుకున్నాను. ఆపరేషన్‌కు ముందు 0.6 మిల్లీగ్రాములు అని బట్టీ పట్టి పరీక్షలో రాసినదాన్ని కదా. ఆంప్యూలు కూడా 0.6 మిల్లీగ్రాములదే. సిస్టరమ్మ ఐదు ఆంప్యూళ్ళు విరిచి ఇచ్చింది. ఐదు నిమిషాలకు పది. ఇంకో ఐదు నిమిషాలకు ఇరవై. ట్రేలో గాజుముక్కలు కుప్ప పడుతున్నాయి, నాకు కాళ్ళు వణుకుతున్నాయి. మనిషిని చంపేస్తున్నారేమో అనుకున్నాను.

డాక్టరు నా మొహం చూసి, "ఎప్పుడు ఆపాలో చెప్పు" అన్నారు. నోరు పెగల్లేదు. "చంకలో చెయ్యి పెట్టి చూడు, తడి ఆరిందా? ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విను, గరగర పోయిందా? అప్పుడు ఆపాలి" అన్నారు. నేనే చెయ్యి పెట్టి చూసినాను. కాసేపటికి చంక పొడిబారింది. ఊపిరి తేటగా వినిపించింది. నాడి పెరిగింది. కానీ తొడ మీది అదురు మాత్రం ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? ఆ రాత్రి హాస్టల్‌కు వచ్చి పుస్తకం తీస్తే, అంతకుముందు నాలుగుసార్లు చదివి మరిచిపోయిన పేజీ మొదటిసారి అర్థమైంది. మన ఒంట్లో నరాలు వదిలే అసిటైల్‌కోలిన్ అనే పదార్థం తన పని చేసిన వెంటనే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరిచేస్తుంది. ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందు ఆ ఎంజైమ్‌ను పట్టేసుకుంటుంది. ఇక అసిటైల్‌కోలిన్ పోగుపడుతుంది. లాలాజలం, కన్నీళ్ళు, చెమట, ఊపిరితిత్తుల్లో నీరు, నెమ్మదించిన గుండె, ఇవన్నీ మస్కరినిక్ అనే రకం రిసెప్టర్ల (కణాల మీద ఆ పదార్థం వచ్చి కూర్చునే చోట్లు) మీద దాని ప్రతాపం. అట్రోపిన్ ఆ రిసెప్టర్లకు అడ్డం పడుతుంది. కండ అదిరేది నికోటినిక్ అనే ఇంకో రకం రిసెప్టర్ వల్ల. అట్రోపిన్‌కు అక్కడ పని లేదు. అక్కడ కావాల్సింది ఎంజైమ్‌ను పురుగుమందు పట్టు నుంచి విడిపించే ప్రాలిడాక్సిమ్. అది కూడా తొందరగా ఇవ్వాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ పట్టు బిగుసుకుపోతుంది, అప్పుడు ప్రాలిడాక్సిమ్ కూడా విడిపించలేదు. అంత డోసు ఎందుకన్నదీ అప్పుడే తెలిసింది. పోగుపడిన అసిటైల్‌కోలిన్ ఒకపక్క, అట్రోపిన్ ఒకపక్క ఒకే కుర్చీ కోసం పోటీ. అవతల జనం ఎక్కువుంటే ఇవతలా ఎక్కువ మంది కావాలి. కాంపిటీటివ్ యాంటగనిజం అని నువ్వు మొదటి యూనిట్లలో గ్రాఫు గీసి వదిలేసినావే, అది ఇదే.

మరుసటి పొద్దున పోతే ఆయన దుప్పటి మీద ఏవో ఏరుకుంటున్నాడు, గాల్లోకి చూసి మాట్లాడుతున్నాడు. మన పల్లెల్లో ఉమ్మెత్త కాయ తిన్నోడు ఎట్లుంటాడో అట్లే. ఉమ్మెత్తలో ఉండేవి అట్రోపిన్, హయోసిన్ వంటివే. అట్రోపిన్ మెదడులోకి పోతుంది కాబట్టి ఆ కలవరింత. గ్లైకోపైరోలేట్ కూడా ఆ జాతిదే, కానీ అది మెదడులోకి దాదాపు పోదు, కాబట్టి ఆ గోల చేయదు. మూడో రోజుకు ఆయన కోలుకుని రాగిసంగటి అడిగినాడు. ఆ మనిషిని చూసిన తర్వాత ఆ యూనిట్‌ను నేను మళ్ళీ బట్టీ పట్టాల్సిన పని పడలేదు.

నీ ఎదుట అట్లాంటి రోగి ఉండకపోవచ్చు, అందుకే ఈ పని చెయ్యి. ఒక తెల్లకాగితం నిలువునా పెట్టి మనిషి బొమ్మ గీయి. చక్కగా రాకపోయినా పర్వాలేదు. కన్ను, లాలాజల గ్రంథి, గుండె, ఊపిరి గొట్టాలు, పేగు, మూత్రాశయం, చెమట గ్రంథి, తొడ కండ గుర్తుపెట్టు. అసిటైల్‌కోలిన్ వస్తే ఒక్కోచోట ఏమవుతుందో ఎర్రపెన్నుతో రాయి. అడ్డుకుంటే ఏమవుతుందో నీలిపెన్నుతో రాయి. ఇక మందులను ఆ బొమ్మ మీద పెట్టుకుంటూ పో. గ్లాకోమాకు పైలోకార్పిన్ కంటి దగ్గర, ఎర్రది. కంటి డాక్టరు పాప విప్పార్చడానికి వేసే ట్రోపికమైడ్ కూడా కంటి దగ్గరే, నీలిది. పొగ తాగి ఊపిరి ఆడని ముసలాయన పీల్చే టయోట్రోపియం ఊపిరి గొట్టాల దగ్గర, నీలిది. కండలు నీరసించే మయస్తీనియా జబ్బుకు, కోలినెస్టరేజ్‌ను అడ్డి అసిటైల్‌కోలిన్‌ను పెంచే నియోస్టిగ్మిన్ కండ దగ్గర, ఎర్రది. అదే నియోస్టిగ్మిన్ ఇస్తే కడుపులో మెలి ఎందుకు తిరుగుతుందో బొమ్మే చెబుతుంది. పేగు దగ్గర కూడా ఎర్రగీత ఉంది కదా. సైడ్ ఎఫెక్ట్ అంటే వేరే పాఠం కాదు నాయనా. మనకు అక్కర్లేని చోట మందు చేసిన అదే పని. చాలా మందులకు ఇది వర్తిస్తుంది. అలర్జీ లాంటివి మాత్రం వేరే లెక్క, అవి కొన్నే, వాటిని విడిగా రాసిపెట్టుకో.

అట్రోపిన్ సైడ్ ఎఫెక్టులు రాయమంటే ఇప్పుడు పుస్తకం తెరవాలా? నోరెండటం, చూపు మసక, గుండె దడ, మలబద్ధకం, ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దాయనకు మూత్రం బిగపట్టడం, చెమట ఆగి ఒళ్ళు కాలడం. నీలిపెన్ను గీతలు చూసి రాసేయొచ్చు. అడ్రినలిన్ వైపు కూడా ఇట్లాంటి బొమ్మే ఇంకోటి గీసుకో. బీటా-1 రిసెప్టర్లు గుండెలో, బీటా-2 ఊపిరి గొట్టాల్లో అని ఒక్కసారి బొమ్మ మీద చూస్తే, ఆస్తమా మనిషికి ఆ రెండింటినీ అడ్డే ప్రొప్రనొలాల్ ఎందుకు ఇవ్వకూడదో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫస్టియర్ అనాటమీ ఫిజియాలజీ నోట్సు పారేసి ఉంటే సీనియర్లను అడిగి తెచ్చుకో. నేను చూసినంతలో ఫార్మకాలజీలో తప్పేవాళ్ళలో ఎక్కువమంది నిజానికి తప్పింది ఫిజియాలజీలో. గుండె లయ తెలియకుండా ఐదో సెమిస్టర్‌లో ఆ లయను సరిచేసే యాంటీఅరిథ్మిక్స్ చదవడం, మూత్రపిండంలోని నెఫ్రాన్ తెలియకుండా మూత్రం పోయించే డైయూరెటిక్స్ చదవడం ఊరు తెలియకుండా ఇంటి నంబరు వెతకడమే.

పేర్ల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి జెనరిక్ పేర్ల (కంపెనీ పెట్టిన పేరు కాదు, మందు అసలు పేరు) జాబితాలు ఇస్తోంది, ఒక జాతి మందులకు ఒకే తోక తగిలిస్తుంది. ఓలాల్ ఉంటే బీటా బ్లాకర్, ప్రిల్ ఉంటే ఏసీఈ ఇన్హిబిటర్, సార్టాన్ ఉంటే యాంజియోటెన్సిన్ రిసెప్టర్‌ను అడ్డేది, డిపిన్ ఉంటే కాల్షియం చానెల్‌ను అడ్డేది. ఇవన్నీ బీపీకి వాడే జాతులే. జాతికి ఒక్క మందును పెద్దకొడుకులా పెట్టుకుని పూర్తిగా చదువు. మిగతావాళ్ళ గురించి పెద్దవాడికీ వాళ్ళకూ తేడా ఏమిటో ఒక్క వాక్యం చాలు. తోకలు అప్పుడప్పుడు మోసం చేస్తాయి. ఒమెప్రజోల్ చూసి అరిపిప్రజోల్ కూడా కడుపుమంటకే అని రాసిన పిల్లలున్నారు. అది మానసిక రోగాలకు ఇచ్చే మందు.

ఈ ఆదివారం ఊరికి పోతే మీ అవ్వ మందుల సంచి తీసి ముందర వేసుకో. మన ఇళ్ళలో ఎవరో ఒకరికి బీపీ, షుగరు ఉంటాయి కాబట్టి ఏ ఇంట్లో చూసినా ఇంచుమించు ఇవే ఉంటాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి యామ్లోడిపిన్, టెల్మిసార్టాన్, కడుపుమంటకు పాంటోప్రజోల్. ఒక్కో స్ట్రిప్పు వెనక్కి తిప్పి జెనరిక్ పేరు చదువు. అవ్వను ప్రశ్నలడుగు.

పాంటోప్రజోల్ ఎప్పుడు వేసుకుంటావు అవ్వా అంటే, తిన్నాక మంట పుడితే వేసుకుంటా అంటుంది. ఇక్కడ ఆలోచించు. ఈ మందు రక్తంలో ఉండేది కొద్ది గంటలే, హాఫ్ లైఫ్ సుమారు ఒక గంట. మరి రోజుకు ఒక్కసారి వేసుకుంటే ఎట్లా సరిపోతుంది? ఎందుకంటే అది కడుపులో ఆమ్లం వదిలే ప్రోటాన్ పంపును పట్టుకుంటే వదలదు. ఆ పంపు ఇక పనికిరాదు, కొత్త పంపులు పుట్టాల్సిందే. అది పట్టుకోగలిగేది పని చేస్తున్న పంపునే. పంపులు నిద్ర లేచేది అన్నం పడినప్పుడు. కాబట్టి తినడానికి అరగంట ముందు వేసుకుంటే, పంపు లేచే వేళకు మందు రక్తంలో సిద్ధంగా ఉంటుంది. హాఫ్ లైఫ్ తక్కువైనా పని ఎక్కువసేపు ఎట్లా అనే వైవా (నోటి పరీక్ష) ప్రశ్నకు జవాబు మీ అవ్వ సంచిలోనే ఉంది.

కాళ్ళు వాస్తున్నాయా అని అడుగు. యామ్లోడిపిన్ చిన్న ధమనులను సడలిస్తుంది కానీ సిరలను అంతగా సడలించదు. లోపలికి వచ్చే కాలువ వెడల్పయి బయటికి పోయేది ఇరుకుగానే ఉంటే నీరు గట్టు దాటి ఊరినట్టు, చీలమండల దగ్గర నీరు దిగుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదిది. అందుకే మూత్రం పోయే బిళ్ళ ఇచ్చినా పెద్దగా తగ్గదు, పైగా పొటాషియం పడిపోయి ఇంకో తిప్పలు. టెల్మిసార్టాన్ సిరల వైపు కూడా కాస్త తెరుస్తుంది కాబట్టి రెండూ కలిపి ఇస్తే వాపు తక్కువ. అవ్వకు వాపు ఉంటే నువ్వు మందు మార్చొద్దు, మాన్పించొద్దు. డాక్టరుకు చెప్పమను.

ఏకాదశి ఉపవాసం రోజు షుగరు బిళ్ళలు ఏం చేస్తావని కూడా అడుగు. గ్లిమెపిరైడ్ క్లోమంలోని బీటా కణాల పొటాషియం చానెల్ మూసి ఇన్సులిన్‌ను బయటికి తోస్తుంది, రక్తంలో చక్కెర ఉన్నా లేకపోయినా. ఖాళీ కడుపుతో అది వేసుకుంటే చెమటలు పట్టి కళ్ళు తిరుగుతాయి. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం చక్కెర వదలడాన్ని తగ్గిస్తుంది, ఒక్కటే వాడితే చక్కెర అంతగా పడిపోదు. ఒకే రోగానికి రెండు బిళ్ళలు ఎందుకో, వాటి ప్రమాదాలు ఎందుకు వేరో ఇప్పుడు నువ్వే రాయగలవు.

ఫార్మకోకైనటిక్స్ (మందు ఒంట్లో చేరి, తిరిగి, బయటికి పోయే తీరు) చూసి లెక్కలని భయపడొద్దు. హాఫ్ లైఫ్ అంటే ఉన్నదాంట్లో సగం పోయే కాలం. 100, 50, 25, 12.5, 6.25. రోజూ వేసుకుంటూ పోతే ఇంచుమించు ఐదు హాఫ్ లైఫులకు రక్తంలో మట్టం నిలకడ పడుతుంది. యామ్లోడిపిన్‌ది 40 గంటలనుకో, నిలకడకు ఎనిమిది రోజులు పైన. రెండు రోజులకే బీపీ తగ్గలేదని మందు మార్చమని వచ్చేవాళ్ళకు కౌంటర్ దగ్గర నువ్వు చెప్పాల్సింది ఇదే. మూర్ఛకు ఇచ్చే ఫినైటాయిన్ మాత్రం వేరు. చౌకడిపో ముందు పది మంది ఉన్నా వంద మంది ఉన్నా గంటకు తూకం వేసి ఇచ్చేది అంతమందికే కదా. కాలేయంలోని ఎంజైమ్ నిండిపోయాక అట్లే. అందుకే ఫినైటాయిన్ డోసు కొంచెం పెంచితే రక్తంలో మట్టం అమాంతం ఎక్కుతుంది. ఉన్నదాంట్లో ఇంత వంతు చొప్పున పోతే ఫస్ట్ ఆర్డర్, ఎంత ఉన్నా గంటకు అంతే పోతే జీరో ఆర్డర్, తేడా ఇంతే.

తెలుగు మీడియం గురించి నువ్వు సిగ్గుపడినట్టు రాసినావు. నాకు బాధనిపించింది. నేనూ అట్లే వచ్చినదాన్ని. తెలుగులో ఆలోచించు, ఇంగ్లీషులో రాయి. రూమ్‌మేట్‌కు తెలుగులోనే పాఠం చెప్పు. ఎక్కడ తడబడితే అక్కడ నీకు అర్థం కాలేదని తెలుస్తుంది. ఇంగ్లీషు కంటే నిన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేవి గ్రీకు, లాటిన్ ముక్కలు. బ్రాడీ అంటే నెమ్మది, టాకీ అంటే వేగం, మైడ్రియాసిస్ అంటే కంటిపాప విప్పారడం, మయోసిస్ అంటే ముడుచుకోవడం. ఇంగ్లీషు మీడియం పిల్లలకూ అవి కొత్తే. ఒక చిన్న నోటుపుస్తకంలో రోజుకు ఐదు రాసుకో, సెమిస్టర్ అయ్యేసరికి నీకు తెలియని మాట అరుదుగా తగులుతుంది.

పరీక్ష గురించి ఎక్కువ చెప్పను. ఫార్మసీ కౌన్సిల్ నమూనాలో 75 మార్కుల పేపరుకు పది మార్కుల పెద్ద ప్రశ్నలు రెండు, ఐదు మార్కులవి ఏడు, మిగతా 20 మార్కులు చిన్న ప్రశ్నలకు. 35 మార్కులు ఐదేసి మార్కుల దగ్గరే ఉన్నాయి, పిల్లలేమో పెద్ద ప్రశ్నలకే రాత్రులు తగలేస్తారు. ప్రతి జవాబులో పనితీరును బాణం గుర్తులతో ఒక బొమ్మగా గీయి. దిద్దేవాళ్ళం ముందు చూసేది దాన్నే. ప్రాక్టికల్స్ ఇప్పుడు కప్పలు, కుందేళ్ళ మీద కాకుండా కంప్యూటర్ మీదే చూపిస్తున్నారు కదా, ఆ గంట ఫోను చూస్తూ పోగొట్టుకోవద్దు. డోసు పెంచేకొద్దీ పని ఎంత పెరిగిందో చూపే గీతలు అవి. అసిటైల్‌కోలిన్ ఒక్కటే ఇచ్చినప్పటి గీత, అట్రోపిన్ కలిపినప్పుడు కుడికి జరిగిన గీత, రెండూ నీ చేత్తో గీయి. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్ప గుండెలు పెట్టుకుని, ఒకదానికి పోయే వేగస్ నరం కదిపి ఆ ద్రవాన్ని రెండోదాని మీద పోస్తే అదీ నెమ్మదించింది. నరం మాట్లాడేది రసాయనంతో అని అట్లా తేలింది. నువ్వు స్క్రీన్ మీద చూసే గీతలకు మొదలు అక్కడ.

ఆరో సెమిస్టర్‌లో కీమోథెరపీ (సూక్ష్మజీవులను, క్యాన్సర్ కణాలను చంపే మందుల పాఠం) వస్తుంది. అక్కడ చాలామంది మళ్ళీ బట్టీలోకి జారిపోతారు, కాబట్టి ఒక్క ఎంజైమ్ సంగతి ఇప్పుడే చెబుతా. కణం విడిపోవాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి, దాన్ని పనికొచ్చే రూపంలోకి మార్చేది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థలో ఫోలిక్ యాసిడ్ మీద, దాన్ని అడ్డుకునే మందుల మీద పనిచేయించినారు. క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ ఆ దారిలో వచ్చిందే. అది మనిషి ఎంజైమ్‌ను పడుతుంది, ట్రైమెథోప్రిమ్ బ్యాక్టీరియాది పడుతుంది, పైరిమెథమిన్ మలేరియా పరాన్నజీవిది పడుతుంది. మూడు పాఠాల్లో మూడు మందులు, తాళం ఒకటే.

మా చిన్నమ్మకు కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ రాసినారు, వారానికి ఒక్కసారి. మందుల షాపులో కవరు మీద రోజుకొకటి అని రాసి ఇచ్చినారు. పదో రోజు ఫోను చేసి, నోరంతా పుండ్లు, మజ్జిగ కూడా మింగలేకపోతున్నా అంది. నోటి లోపలి పొర కణాలు ఒంట్లో తొందరగా విడిపోయేవాటిలో ఒకటి. ఏ మందు వేసుకుంటున్నావని అడిగి, స్ట్రిప్పు మీద పేరు అక్షరం అక్షరం చదివించుకున్నాను. చదివేసరికి గుండె ఆగినంత పనైంది. ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకుపోయినాము. రక్తకణాలు అప్పటికే పడిపోయినాయి. మెథోట్రెక్సేట్ అడ్డిన మెట్టును దాటి పోయే ఫోలినిక్ యాసిడ్ ఇచ్చినారు. పన్నెండు రోజులకు ఇంటికొచ్చింది. ఆ కవరు ఇప్పటికీ నా దగ్గరుంది, ఏటా ఆ పాఠం చెప్పే రోజు క్లాసుకు తీసుకుపోతాను. రేపు ఆ కౌంటర్ వెనక నిలబడేది నువ్వే కదా.

రెండో సెషనల్‌కు నీకు ఐదారు వారాలుంటాయి. మొదటి వారం మందుల జోలికి పోకుండా నరాల ఫిజియాలజీ, రెండో వారం నేను చెప్పిన రెండు బొమ్మలు, తర్వాతే మందులు. పొద్దున గంట, రాత్రి గంట చాలు, రెండింటి దాకా మేలుకోవద్దు. చదివిన పేజీ మూసి, కాగితం మీద చూడకుండా గీయి, మరుసటి రోజు ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి గీయి. మొదటి బొమ్మ పూర్తయ్యాక ఫోటో తీసి నాకు పంపు. ఎర్రగీతలు, నీలిగీతలు ఎక్కడ తారుమారైనాయో దిద్ది పంపుతాను.